‘మా లిమిట్స్‌ల రాదు’: దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఒక ఫోన్ ఫిర్యాదు

"పిల్లర్ నంబర్ ఎంత?"

రాత్రి తొమ్మిదింపావుకి పోలీస్ స్టేషన్ రిసెప్షన్‌లో మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న ఇది. ఫోన్ ఏ కంపెనీది, లాక్కెళ్లిందెవరు, దెబ్బలేమన్నా తగిలాయా... ఇవేవీ కాదు. మెట్రో పిల్లర్ నంబర్ ఎంత?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఉండేవాళ్లకి ఈ ప్రశ్న వింతేం కాదు. ఇక్కడ అడ్రస్ అంటే పిల్లర్ నంబరే. బిర్యానీ తెచ్చేవాడికీ, బైక్ ట్యాక్సీ వాడికీ, ఊరి నుంచి వచ్చిన మేనమామకీ అదే చెప్తాం. కానీ నడుస్తున్న షేర్ ఆటోలో అంచున కూర్చున్నవాడి చేతిలోంచి, పక్కనుంచి బైక్ మీద వచ్చినవాళ్లు ఫోన్ లాక్కుపోతే, ఆ క్షణంలో తలెత్తి పిల్లర్ మీది అంకె చదివేవాడు ఎవడైనా ఉంటాడా?

మా రూమ్మేట్ చదవలేదు. ఆ ఒక్క తప్పుకి మాకు తొమ్మిది రోజులు పట్టింది. డబ్బులు కూడా పోయాయి.

ఇది 2024 నవంబర్ సంగతి. మావోడిది నల్లగొండ జిల్లా. కానిస్టేబుల్ నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్నాడు. పొద్దున్నే ఐదింటికి లేచి గ్రౌండ్‌కి పరిగెత్తడం, పగలంతా అర్థమెటిక్, రాత్రి హాస్టల్ పప్పు. పోలీసు కావాలని మూడేళ్లుగా కష్టపడుతున్నవాడు జీవితంలో మొదటిసారి పోలీస్ స్టేషన్ మెట్లెక్కింది ఆ రాత్రే. రెండు రోజుల ముందే వాళ్ల నాన్న పత్తి అమ్మిన డబ్బుల్లోంచి కోచింగ్ ఫీజు, హాస్టల్ ఫీజు కలిపి 23,500 రూపాయలు అకౌంట్‌లో వేశాడు. ఆ అకౌంట్ ఫోన్‌లోని యూపీఐకి లింకై ఉంది. ఏటీఎం కార్డు ఫొటో గ్యాలరీలో ఉంది. (నవ్వకండి. మీ గ్యాలరీ ఒకసారి చూసుకుని తర్వాత నవ్వండి.)

ఎల్బీనగర్‌లో ఉన్న ఫ్రెండ్ దగ్గర ఏవో మెటీరియల్ పుస్తకాలు తీసుకోవడానికి షేర్ ఆటో ఎక్కాడు. టైం 8:40 అయ్యుంటుంది. ఆటో ఎక్కింది దిల్‌సుఖ్‌నగర్‌లో. ఫోన్ పోయిందని గట్టిగా అరిచి ఆటో ఆపించింది కొత్తపేట దగ్గర. మధ్యలో ఎక్కడ పోయింది? "చైతన్యపురి దాటినమో లేదో" అంటాడు వాడు. ఆటో డ్రైవర్ "లే, ఇంకా రాలే" అంటాడు. పక్క సీట్లో ఆంటీ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఉంది, ఆమెకి అసలు ఏం జరిగిందో తెలీదు.

ఆటో డ్రైవర్ ఫోన్ తీసుకుని నాకు కాల్ చేశాడు. నేను వెళ్లాను. ఇద్దరం మొదటి స్టేషన్‌కి నడిచాం.

అక్కడ హెడ్ కానిస్టేబుల్ కసురుకోలేదు, ఆ మాట చెప్పాలి. కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. అంతా విని, "మీరు చెప్పే జాగా మా లిమిట్స్‌ల రాదు తమ్ముడూ. అవతలి స్టేషన్ల ఇయ్యిండ్రి" అన్నాడు. అవతలి స్టేషన్‌లో ఇంకో సారు అంతా విని, "ఆటో ఏడ ఎక్కిన్రు? దిల్‌సుఖ్‌నగర్ల కదా? మరి ఆడనే ఇయ్యాలె" అన్నాడు. మేం మళ్లీ మొదటి స్టేషన్‌కి వచ్చాం. ఈసారి డ్యూటీ మారింది, కథ మొదటినుంచీ చెప్పాల్సి వచ్చింది. "పొద్దుగాల రాండ్రి, ఎస్ఐ సార్ ఉంటడు" అన్నారు. బయటికి వచ్చేసరికి 10:50.

మర్నాడు డూప్లికేట్ సిమ్ తీసుకుని బ్యాంక్ మెసేజ్‌లు చూస్తే తెలిసింది. డబ్బులు రెండు విడతలుగా వెళ్లాయి. మొదటిది 10:17కి, రెండోది 10:21కి. అంటే మేం రెండో స్టేషన్ రిసెప్షన్‌లో నిలబడి, ఆటో ఎక్కిన చోటు లెక్కలోకి వస్తుందా, ఫోన్ పోయిన చోటు వస్తుందా అని మాట్లాడుకుంటున్న టైంలో.

ఏ స్టేషన్లో నేను రాయను. ఈ దారి చుట్టుపక్కల నాలుగైదు స్టేషన్ల పరిధులు కలుస్తాయి. పేరు పెట్టి ఒకరిని నిలదీస్తే మిగతావాళ్లంతా మంచివాళ్లు అనిపిస్తుంది. ఇది మనుషుల గురించి కాదు, ఒక గీత గురించి.

ఆ గీత ఎక్కడుంది?

దిల్‌సుఖ్‌నగర్‌ని చూస్తే ఒకే ఊరు. ఒకే బజారు, ఒకే ట్రాఫిక్ జామ్. కానీ పోలీసు మ్యాప్‌లో అది చాలాకాలంగా రెండు ముక్కలు. కొంత హైదరాబాద్ సిటీ పోలీసులది. మిగతాది మొదట సైబరాబాద్, 2016లో సైబరాబాద్‌ని చీల్చాక రాచకొండ కమిషనరేట్‌ది. ఆ తర్వాత కూడా పేర్లు, హద్దులు మారుతూనే వచ్చాయి. కోర్టులూ అంతే. గీతకి ఇవతల జరిగిన నేరమైతే నాంపల్లి వెళ్లాలి, అవతల జరిగితే ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుకి వెళ్లాలి. రోడ్డు దాటితే కమిషనర్ మారతాడు, కోర్టు మారుతుంది. మిర్చి బజ్జీ రేటు మాత్రం మారదు.

ఈ గీత ఎంత విచిత్రమైందో చెప్పడానికి ఇక్కడ జరిగిన అన్నిటికన్నా పెద్ద ఘోరాన్నే గుర్తుచేసుకోవాలి. 2013 ఫిబ్రవరి 21, సాయంత్రం ఏడు గంటల ప్రాంతం. 107 బస్టాప్ దగ్గర ఒక బాంబు, ఏ1 మిర్చి సెంటర్ దగ్గర ఇంకో బాంబు. సెకన్ల తేడాలో పేలాయి. తల్లి కడుపులోని బిడ్డతో కలిపి 18 మంది చనిపోయారు. వందమందికి పైగా గాయపడ్డారు. మన వయసువాళ్లు, సాయంత్రం క్లాసు అయ్యాక ఏదో తిందామని రోడ్డు మీదికి వచ్చిన పిల్లలు కూడా అందులో ఉన్నారు. ఆ రెండు చోట్ల మధ్య దూరం నడిచి వెళ్లేంతే. కానీ కేసులు రెండు నమోదయ్యాయి. ఒకటి సిటీ కిందున్న మలక్‌పేట స్టేషన్‌లో, ఇంకోటి అప్పటి సైబరాబాద్ కిందున్న సరూర్‌నగర్ స్టేషన్‌లో. ఒకే కుట్ర, ఒకే సాయంత్రం, ఒకే బజారు. ఎఫ్ఐఆర్‌లు మాత్రం రెండు, ఎందుకంటే గీత ఆ రెండు బాంబుల మధ్య నుంచి వెళ్తోంది. తర్వాత రెండింటినీ ఎన్ఐఏ తీసుకుంది. 2016 డిసెంబర్‌లో ఐదుగురికి ప్రత్యేక కోర్టు మరణశిక్ష వేసింది. 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు దాన్ని సమర్థించింది.

అంత పెద్ద కేసులో గీత ఎవరినీ ఆపలేదు. ఆపడానికి వీలు కూడా లేదు, దేశమంతా చూస్తోంది కదా. గీత ఆపేది చిన్నవాళ్లని, చిన్న కేసుల్ని. ఫోన్ పోయినవాణ్ణి, ఆటోలో ఎవడో చెయ్యి వేశాడని చెప్పుకోవడానికి వచ్చిన అమ్మాయిని, రాత్రి ఇంటికి రాని కూతురి కోసం వచ్చిన తల్లిని.

ఆ రాత్రి శంషాబాద్‌లో

ఆ చివరి మాట ఊరికే రాయలేదు. 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్ ప్లాజా వద్ద జరిగింది తెలుగువాళ్లెవరూ మర్చిపోలేదు. పోలీసులు ఆమెకి ‘దిశ’ అని పేరు పెట్టారు. ఆమె తిరిగి రాకపోవడంతో ఇంట్లోవాళ్లు ఆ రాత్రి పోలీసుల దగ్గరికి వెళ్లారు. ఇది మా పరిధి కాదు, అవతలి స్టేషన్‌కి వెళ్లండి అని తమని తిప్పారని కుటుంబం చెప్పింది. ఆలస్యం చేశారని ఒక ఎస్ఐని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లని సస్పెండ్ చేశారు.

తర్వాత ఏం జరిగిందో కూడా మనకి తెలుసు. డిసెంబర్ 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు, టపాసులు కాల్చారు. నేనప్పుడు ఇంటర్. మా కాలేజీలో స్వీట్లు పంచారు, నేనూ తిన్నాను. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ మాత్రం, ఆ నలుగురిని చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని తేల్చి, పదిమంది పోలీసులపై విచారణ జరపాలని చెప్పింది. ఆ రిపోర్టు 2022లో బయటికి వచ్చేసరికి ఎవరూ స్వీట్లు పంచుకునే మూడ్‌లో లేరు, చదివినవాళ్లూ తక్కువే. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ 2019 డిసెంబర్‌లోనే 21 రోజుల్లో తీర్పు అంటూ దిశ బిల్లు పాస్ చేసింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దొరకలేదు, చట్టం కాలేదు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే నాకు అనిపించేది ఒక్కటే. ఎన్‌కౌంటర్ గురించి టీవీల్లో నెలల తరబడి మాట్లాడుకున్నాం. ఉరి కావాలా, 21 రోజులు చాలా అని కొట్లాడుకున్నాం. ఆ రాత్రి స్టేషన్ గుమ్మంలో వినిపించిన ‘మా లిమిట్స్ కాదు’ అన్న మాట గురించి రెండు వారాలు కూడా మాట్లాడలేదు. అది బోరింగ్ సబ్జెక్ట్. దాని మీద సినిమా తీయలేం. కానీ ఒక ప్రాణం దక్కే అవకాశం ఏమాత్రమైనా ఉన్నది ఆ గుమ్మం దగ్గరే.

173 అంటే ఏంటి?

మూడో రోజు మేం ఎల్బీనగర్ కోర్టు దగ్గరికి వెళ్లాం. కేసు వేయడానికి కాదు. మా ఊరి అక్క ఒకామె అక్కడ జూనియర్ అడ్వకేట్. లంచ్ టైంలో జిరాక్స్ షాపు ముందు నిలబడి, బాక్స్‌లో పులిహోర తింటూ మా కథ విన్నది. మధ్యలో ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"రసీదు ఇచ్చిన్రా?"

లేదక్కా.

"ఓరల్‌గా చెప్పి ఓరల్‌గా వచ్చేసిన్రన్నమాట. మీరు ఆ రాత్రి స్టేషన్‌కి పోయినట్టు లోకంల ఎవ్వనికీ తెల్వదు."

తర్వాత ఫోన్‌లో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత తెరిచి సెక్షన్ 173 చూపించింది. 2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ పోయి ఇది వచ్చింది కదా. (తెలంగాణలో కొత్త చట్టాల కింద మొదటి ఎఫ్ఐఆర్ చార్మినార్ స్టేషన్‌లో నమోదైంది, నంబర్ ప్లేట్ లేని బండి మీద.) పాత చట్టంలో 154వ సెక్షన్ ఎక్కడ ఉండేదో కొత్త దాంట్లో 173 అక్కడ ఉంది. తేడా ఒక చిన్న వాక్యంలో ఉంది. నేరం ఏ ప్రాంతంలో జరిగినా సరే, ఆ సమాచారాన్ని స్టేషన్‌లో ఇవ్వొచ్చు. నోటితో చెప్పొచ్చు. ఎలక్ట్రానిక్‌గా కూడా పంపొచ్చు, కానీ అలా పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు చేసినవాళ్లకి ఫ్రీగా ఇవ్వాలి.

జీరో ఎఫ్ఐఆర్ అని మనం వింటుంటాం కదా, అది ఇదే. తమ పరిధి కాకపోయినా కేసు రాసుకుని, సొంత నంబర్ వేయకుండా సున్నా వేసి, అసలు స్టేషన్‌కి పంపిస్తారు. తిరగాల్సింది కాగితం, మనిషి కాదు.

ఇది కొత్తగా పుట్టిన ఐడియా కూడా కాదు. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత, 2013లోనే కేంద్ర హోంశాఖ రాష్ట్రాలన్నిటికీ జీరో ఎఫ్ఐఆర్‌ల గురించి సలహా పంపింది. అదే ఏడాది నవంబర్ 12న లలితకుమారి కేసులో సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల ధర్మాసనం తేల్చి చెప్పింది: పోలీసులు నేరుగా దర్యాప్తు చేయదగ్గ నేరం జరిగినట్టు ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్ఐఆర్ రాయాల్సిందే, అది వాళ్ల ఇష్టం కాదు. కొన్ని కేసుల్లో, ముఖ్యంగా ఆడవాళ్లపై జరిగే తీవ్రమైన నేరాల్లో, ఫిర్యాదు రాసుకోకపోతే ఆ అధికారికే జైలుశిక్ష పడేలా 2013లోనే ఐపీసీలో సెక్షన్ చేర్చారు. కొత్త న్యాయ సంహితలో అది 199గా కొనసాగుతోంది.

అంటే 2013లో సలహా వచ్చింది, తీర్పు వచ్చింది, శిక్ష వచ్చింది. 2019లో శంషాబాద్ వచ్చింది. 2024లో ఆ సలహా చట్టంలో అచ్చయింది. నాలుగు నెలల తర్వాత మమ్మల్ని పిల్లర్ నంబర్ అడిగారు.

ఇక్కడే రాష్ట్రం సంగతి వస్తుంది. చట్టం పార్లమెంటు రాస్తుంది. కానీ రాజ్యాంగం ప్రకారం పోలీసు శాఖ రాష్ట్రానిది. రిసెప్షన్‌లో ఎవరు కూర్చోవాలి, వచ్చినవాడికి రసీదు ఎలా ఇవ్వాలి, ఇవ్వకపోతే ఎవరు జవాబు చెప్పాలి, వీటిని ఢిల్లీ చూడదు. హైదరాబాదే చూడాలి.

స్టేషన్ వాళ్ల వైపు కథ

కేసు ఎందుకు కట్టరు? బద్ధకమా? లంచమా? మా హాస్టల్ ఓనర్‌కి తెలిసిన రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఉన్నాడు. సాయంత్రాలు చాయ్ హోటల్లో దొరుకుతాడు. ఆయన్ని అడిగాను.

"బద్ధకం కాదు బిడ్డా, లెక్క" అన్నాడు. "నువ్వు ఎఫ్ఐఆర్ కడితివి, ఆ కేసు నీ మెడల పడ్డది. దొరుకుతదా? దొరకదు. ఏడాది ఆఖరుకు పెండింగ్ ఎంత, డిటెక్షన్ ఎంత అని సారు అడుగుతడు. ఫోన్ కేసులు నూరు కట్టి పది పట్టుకుంటే నువ్వు పనికిరానోనివి. పది కట్టి తొమ్మిది పట్టుకుంటే తోపువు."

నేను నోరు తెరిచి చూస్తుంటే, "గిది నా కాలం ముచ్చట. ఇప్పుడు మారి ఉంటది" అని చాయ్ ఊదుకున్నాడు. మారిందో లేదో ఆయన నవ్వులో తెలియలేదు.

నాకు ఆయన మీద కోపం రాలేదు. ఏటా డిసెంబర్ చివర్లో కమిషనరేట్లు ప్రెస్‌మీట్ పెట్టి ఏడాది నేరాల లెక్క చెప్తాయి. నేరాలు పెరిగాయా తగ్గాయా అన్నదే మర్నాడు హెడ్డింగ్. ఆ హెడ్డింగ్ రాసేది మా మీడియావాళ్లే. కేసులు ఎక్కువ కడితే ‘పెరిగిన క్రైమ్’ అని మనమే తిడతాం. అలాంటప్పుడు గుమ్మం దగ్గరే ఆపేస్తే అందరికీ సుఖం, ఫోన్ పోయినవాడికి తప్ప. నన్నడిగితే ఆ ప్రెస్‌మీట్‌లో ఇంకో రెండు అంకెలు చెప్పాలి: ఈ ఏడాది మా స్టేషన్లలో ఎన్ని జీరో ఎఫ్ఐఆర్‌లు కట్టాం, కేసు కట్టలేదని డీసీపీ దాకా ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి. ఆ అంకెలు పెరిగితే సంతోషించే రోజు వస్తే రిసెప్షన్‌లో మాట మారుతుంది.

భయం సంగతి కూడా చెప్పాలి. మావోడి వాళ్లమ్మ ఆ రాత్రి నా ఫోన్‌కి చేసి, "ఫోన్ పోతే పోనీ నాయినా, రాత్రిపూట స్టేషన్‌కి పోకుండ్రి" అన్నది. ఆమెని తప్పుపట్టలేను. 2023 ఆగస్టు 15 రాత్రి ఎల్బీనగర్ స్టేషన్‌లో ఒక గిరిజన మహిళని కొట్టారన్న ఆరోపణ వచ్చింది. సిబ్బందిపై సస్పెన్షన్ వేటు పడింది, హైకోర్టు కూడా ఆ విషయాన్ని తనంతట తానుగా విచారణకి తీసుకుంది. స్టేషన్లలో సీసీ కెమెరాలు పెట్టాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. గేటు, లాకప్, కారిడార్, రిసెప్షన్, అన్నిచోట్లా. ఈ ఆదేశం లోపల దెబ్బలు తినేవాళ్ల కోసం వచ్చింది. కానీ రిసెప్షన్ మీద కెమెరా ఉంటే, అందులో ఆడియో కూడా రికార్డ్ అయితే, ‘మా లిమిట్స్ కాదు’ కూడా అందులో పడుతుంది కదా.

మేం చేసింది, చేయాల్సింది

అక్క చెప్పినట్టే ఫిర్యాదు తెలుగులో రాశాం. ఒకటిన్నర పేజీ. ఆటో ఎక్కిన చోటు, దిగిన చోటు, సుమారు టైం, ఐఎంఈఐ నంబర్ (ఫోన్ డబ్బా మీద ఉంటుంది, డబ్బా పారేయకండి), డబ్బులు వెళ్లిన టైం. స్టేషన్‌లో కేసు తీసుకోకపోతే 173లోనే నాలుగో భాగం ఉంది: ఫిర్యాదుని రాతపూర్వకంగా పోస్టులో ఎస్పీకి పంపొచ్చు. కమిషనరేట్ అయితే డీసీపీకి. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లొచ్చు. మేం రిజిస్టర్డ్ పోస్ట్ చేశాం, ఈమెయిల్ కూడా పెట్టాం. పోస్టాఫీసు రసీదు మాకు దొరికిన మొదటి రసీదు. మావోడు దాన్ని ఫోన్ కవర్‌లో పెట్టుకున్నాడు. ఫోన్ లేదు, కవర్ మిగిలింది.

కొత్త చట్టంలో ఒక మెలిక ఉంది, అది కూడా తెలుసుకోవాలి. న్యాయ సంహితలో 304 అని స్నాచింగ్‌కి ప్రత్యేకంగా సెక్షన్ పెట్టారు, మూడేళ్ల దాకా జైలు. మంచిదే. కానీ మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతితో 14 రోజుల పాటు ‘ప్రాథమిక విచారణ’ చేసి, ఆ తర్వాత కేసు కట్టాలా వద్దా చూడొచ్చని 173 మూడో భాగం చెప్తోంది. మనలాంటివాళ్లకి జరిగే నేరాలు చాలావరకు సరిగ్గా ఈ డబ్బాలోనే పడతాయి. ఇంకోటి: లాక్కోకుండా జేబులోంచి మెల్లగా కొట్టేసిన వస్తువు ఖరీదు 5,000 లోపు అయితే, మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేని నేరాల కిందికి వెళ్లిపోతుంది. మూడు వేల పాత ఫోన్‌తో బతికే కూలీకి ఆ ఫోనే బ్యాంకు. చట్టం రాసినవాళ్లు ఆ ఫోన్ ఖరీదు చూశారు, అందులో ఏముందో చూడలేదు.

మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ రాత్రి నా చేతిలో ఫోన్ ఉంది. 1930కి కాల్ చేసి ఉంటే సరిపోయేది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ అది. ఏ లిమిట్స్ అని అడగదు. ఎంత త్వరగా చెప్తే అంత డబ్బు ఆగుతుంది, ఎందుకంటే ఆ డబ్బు గంటల్లో ఐదారు ఖాతాలు మారిపోతుంది. సిమ్ బ్లాక్ చేయించినా ఓటీపీలు వాడికి వెళ్లేవి కావు. మాకు తెలీదు. మేం మర్నాడు పదింటికి చేశాం. 23,500లో 4,100 మాత్రం ఒక ఖాతాలో ఆగాయి. అలా ఆగిన డబ్బుని లోక్ అదాలత్ ద్వారా తిరిగి ఇప్పించే పద్ధతిని తెలంగాణ 2024లో మొదలుపెట్టింది. సైబర్ సెక్యూరిటీ బ్యూరో, న్యాయసేవల సంస్థ కలిసి పెట్టుకున్న ఏర్పాటు ఇది. పెద్ద కేసు నడవక్కర్లేదు, లాయర్ ఫీజు లేదు. టపాసులు కాల్చే వార్త కాదు కాబట్టి ఎవరికీ తెలీదు. మావోడికి ఆ 4,100 అలాగే వచ్చాయి.

ఫోన్‌ని బ్లాక్ చేయడానికి సీఈఐఆర్ పోర్టల్ ఉంది కదా, దానికి పోలీసు ఫిర్యాదు కాపీ అప్‌లోడ్ చేయాలి. గుమ్మంలోనే ఆపేస్తే కాపీ ఉండదు, కాపీ లేకపోతే బ్లాక్ ఉండదు. ఒక్క మాటతో ఎన్ని తలుపులు మూసుకుపోతాయో అప్పుడు అర్థమైంది.

ఇంకో నంబర్ కూడా సేవ్ చేసుకోండి: 15100, ఉచిత న్యాయ సహాయం. ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, పిల్లలకి ఆదాయంతో పనిలేకుండా లాయర్‌ని ఇస్తారు. ఎల్బీనగర్ కోర్టు ప్రాంగణంలోనే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది. ఆ గేటు ముందు నుంచి మేం ఎన్నిసార్లు బస్సులో వెళ్లామో లెక్కలేదు.

తొమ్మిదో రోజు

తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది. "డీసీపీ ఆఫీసుకి ఏదో పంపిన్రంట కదా, ఒకసారి రాండ్రి." గొంతులో కోపం లేదు, కొంచెం అలసట ఉంది. వెళ్లాం. రైటర్ టైప్ చేస్తుంటే మావోడు స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాడు. అరగంటలో అయిపోయింది. సున్నా నంబర్‌తో రాసి అవతలి స్టేషన్‌కి పంపుతామన్నారు. పిల్లర్ నంబర్ ఎవరూ అడగలేదు.

ఫోన్ ఇప్పటికీ దొరకలేదు. కోచింగ్ ఫీజు కోసం వాళ్ల నాన్న మళ్లీ అప్పు చేశాడు.

ఆ రోజు బయటికి వచ్చి ఎఫ్ఐఆర్ కాపీని బస్టాప్‌లో కూర్చుని చదివాం. ప్రింటెడ్ ఫారం అది, దేశమంతా దాదాపు ఒకటే. నేరం జరిగిన చోటు అని ఒక కాలమ్ ఉంది. కింద స్టేషన్ నుంచి ఏ దిక్కున, ఎంత దూరం అని ఉంది. దాని కింద ఇంకో లైను: ఈ స్టేషన్ పరిధి బయట జరిగితే, ఆ స్టేషన్ పేరు, జిల్లా.

మావోడు ఆ లైన్ మీద వేలు పెట్టాడు.

"అన్నా, ఇది కొత్త చట్టంల వచ్చిందా?"

లేదు, పాత ఫారంలో కూడా ఉంది అన్నాను. అక్క చెప్పింది. చానా ఏండ్ల సంది ఉన్నదట.

వాడు ఏమీ అనలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. 107 వచ్చింది, ఎక్కాం. ఈసారి వాడు కిటికీకి ఇవతలి సీట్లో కూర్చున్నాడు.